పాతిక లక్షల హామీ, పదహారో పద్దు

మేనిఫెస్టోలో వైద్యం పేజీ తెరిస్తే ముందు కళ్లకు తగిలేది ఒక అంకె: ఒక కుటుంబానికి ఏడాదికి ఎంతవరకూ ఉచిత వైద్యం అన్న పరిమితి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అది కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. తెలుగుదేశం హయాంలో పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మారి రెండున్నర లక్షలైంది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చి 5 లక్షలంది. 2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ 10 అంటే బీఆర్ఎస్ 15 అంది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం పరిమితిని ఏకంగా 25 లక్షలు చేసింది. 2024లో కూటమి మేనిఫెస్టో కూడా 25 లక్షల ఆరోగ్య బీమా అంది, లోక్‌సభ ఎన్నికలకు కాంగ్రెస్ జాతీయ మేనిఫెస్టోలో కనిపించిందీ ఆ పాతిక లక్షలే.

ఇది వేలంపాట. కాకపోతే పాట పెంచినవాళ్లెవరూ బయానా కట్టనక్కర్లేని వేలం. తెలంగాణలో కొత్త ప్రభుత్వం 2023 డిసెంబరు 7న ప్రమాణం చేసింది, 9న ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలైంది. రెండు రోజుల్లో పరిమితి రెట్టింపైందంటే దానికి ఆ రోజున కొత్తగా డబ్బేమీ అక్కర్లేదన్నమాట. ఒక్క జీవో చాలు. డబ్బు ఎక్కడ కావాలో, ఎప్పుడు కావాలో, అది వచ్చిందో లేదో ఎలా చూడాలో చెప్పుకుందాం.

ముందు పరిమితికీ ఖర్చుకూ ఉన్న సంబంధం ఎంత పలచనో చూడండి. దేశం మొత్తం మీద ఆయుష్మాన్ భారత్ కింద 2025 నడిమికి 9 కోట్లకు పైగా అడ్మిషన్లు జరిగాయి, వాటి విలువ సుమారు 1.3 లక్షల కోట్లు. భాగిస్తే ఒక్కో అడ్మిషన్‌కు పడేది 14 వేల చిల్లర. పరిమితి 5 లక్షలు, సగటు 14 వేలు. ఆ 5ని 10 చేసినా, 25 చేసినా ఆ 14 వేల రోగికి ఒరిగేదీ లేదు, ఖజానాకు తరిగేదీ లేదు. మారేది అవయవ మార్పిడి, బోన్ మ్యారో, నెలల తరబడి ఐసీయూ, పెద్ద కాలిన గాయాలు, కొన్ని క్యాన్సర్లు వచ్చిన ఇళ్లకే. ఆ ఇళ్లకు అది ప్రాణమంత పెద్ద విషయం, కాదనను. కానీ ఆ ఇళ్లు తక్కువ.

లెక్క కోసం అంకెలు మనమే వేసుకుందాం. ఒక రాష్ట్రంలో ఏడాదికి 10 లక్షల కేసులు, సగటు బిల్లు 30 వేలు అనుకుంటే 3,000 కోట్లు. పరిమితి పెంచడం వల్ల 2,000 కుటుంబాలు తలా మరో 3 లక్షలు వాడుకున్నాయనుకోండి, అదనంగా 60 కోట్లు. పరిమితి ముట్టకుండా ప్యాకేజీ రేట్లు, అంటే ఒక్కో చికిత్సకు ఆసుపత్రికి ఇచ్చే కట్టుబాటు సొమ్ము, 20 శాతం పెంచితే అదనంగా 600 కోట్లు. జబ్బుల జాబితా పెంచో, అర్హత సడలించో కేసులు 20 శాతం పెరిగితే ఇంకో 600 కోట్లు. అంటే మేనిఫెస్టోలో పెద్ద అక్షరాల్లో ఉన్నదానికి 60 కోట్లు, చిన్న అక్షరాల్లో ఉన్నదానికి, లేదా అసలు లేనిదానికి 1,200 కోట్లు.

అందుకే వైద్యం హామీని చదివేటప్పుడు పైకప్పు సంగతి తర్వాత, గుమ్మం ఎక్కడుందో చూడాలి. 2019లో వైఎస్సార్‌సీపీ ఇచ్చిన హామీ ఈ విషయంలో వేరే రకం: వైద్యం బిల్లు వెయ్యి రూపాయలు దాటితే ఆరోగ్యశ్రీ, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలన్నిటికీ. ఇది గుమ్మాన్ని కిందికి దించడం. తెల్లకార్డుతో పాటు మధ్యతరగతిలో చాలామంది లోపలికి వచ్చారు. చికిత్సల జాబితా 1,059 నుంచి విడతలవారీగా పెరిగి 3,257కి చేరింది. బడ్జెట్‌ను నిజంగా కదిలించింది ఈ రెండూనే గానీ ఎన్నికల ముందు వచ్చిన పాతిక లక్షలు కాదు. ఆ పెరిగిన కేసులకు సరిపడా నిధులు ఆ వేగంతో పెరగకపోతే ఏమవుతుంది? బకాయి అవుతుంది. ఆ బకాయి ఎన్నికలు దాటి, ప్రభుత్వం మారి, కొత్తవాళ్ల పద్దులో పడుతుంది.

బకాయి ఎలా పుడుతుందో ఒక స్టెంట్ కేసు వెంట నడిస్తే తెలుస్తుంది. రోగి గుండెనొప్పితో నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి వస్తాడు. ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర కార్డు, ఆధార్ చూసి పేరు నమోదు చేస్తారు. యాంజియోగ్రామ్ తీసి, ఆ చిత్రాలు, డాక్టరు నోటు ఆన్‌లైన్‌లో పెట్టి ప్రీ-ఆథ్, అంటే చికిత్సకు ముందస్తు అనుమతి అడుగుతారు. పథకాన్ని నడిపే ట్రస్టు వైపు డాక్టర్లు చూసి ఒప్పుకుంటే స్టెంట్ వేస్తారు. డిశ్చార్జి అయ్యాక డిశ్చార్జి సమ్మరీ, స్టెంట్ స్టిక్కరు, ఫొటో, స్టెంట్ వేశాక తీసిన యాంజియో, అన్నీ క్లెయిమ్‌లో ఎక్కిస్తారు. పరిశీలన, కోత, ఆమోదం. ఇంతవరకూ వ్యవహారం ట్రస్టు చేతిలో ఉంటుంది. ఆమోదం పడిందంటే డబ్బు వచ్చినట్టే అనుకుంటాం. అక్కడ మొదలవుతుంది అసలు క్యూ. ట్రస్టు దగ్గర సొంత డబ్బు ఉండదు. ఆర్థికశాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇవ్వాలి, బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, అక్కడ టోకెన్ పడాలి, టోకెన్ పడ్డాక కూడా ఖజానాలో ఆ రోజు సొమ్ముండాలి. జీతాలు, పెన్షన్లు, అప్పుల వాయిదాలు ముందు వరసలో ఉంటాయి. ఆసుపత్రి బిల్లు ఎప్పుడూ వెనక వరసే.

ఈ క్యూ పొడుగైనప్పుడు ఆసుపత్రి రోగితో 'ఆరోగ్యశ్రీ లేదు' అనదు, అంటే ఫిర్యాదు వెళ్తుంది. 'ఆరోగ్యశ్రీ బెడ్లు నిండిపోయాయి' అంటుంది. 'ఆథరైజేషన్ వచ్చేలోపు టెస్టుల డబ్బు కట్టండి' అంటుంది. మందులు బయట తెచ్చుకోమని చీటీ రాస్తుంది. చిన్న పట్టణంలో 50 పడకల నర్సింగ్‌హోమ్‌కు ఆరు నెలల బకాయి అంటే నర్సుల జీతాలు, ఆక్సిజన్ బిల్లు, స్టెంట్ సప్లయరు అప్పు, అన్నీ ఒకేసారి మీద పడటం. కార్పొరేట్ ఆసుపత్రి తట్టుకుంటుంది, అవసరమైతే పథకంలోంచి తప్పుకుంటుంది. ఊరికి దగ్గరగా ఉన్న చిన్న ఆసుపత్రే ముందు మునుగుతుంది. తెలంగాణలో 2025 జనవరిలో, మళ్లీ సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం వెయ్యి కోట్లకు పైగా బకాయిలున్నాయంటూ సేవలు ఆపింది. ఆంధ్రప్రదేశ్‌లో స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం 2024లో, మళ్లీ 2025 అక్టోబరులో అదే పని చేసింది. ఒక రాష్ట్రంలో కాంగ్రెస్, ఇంకో చోట వైఎస్సార్‌సీపీ, తర్వాత కూటమి. జెండా రంగు మారినా క్యూ మారలేదు కాబట్టి దీన్ని ఒక పార్టీ పాపంగా చూడటం దండగ.

అందుకే నా దృష్టిలో ఆరోగ్యశ్రీ మీద ఒక పార్టీ ఇవ్వగలిగిన అతి విలువైన హామీకి 25 లక్షల అంకె అక్కర్లేదు. 'క్లెయిమ్ ఆమోదమైన ఇన్ని రోజుల్లో చెల్లిస్తాం, దాటితే వడ్డీ ఇస్తాం' అంటే చాలు. ఆ వాక్యం రాసినవాడు డబ్బు కూడా చూపించాలి, అందుకే ఎవరూ రాయరు.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ వేరే దారి పట్టింది. 1.63 కోట్ల కుటుంబాలకు రెండున్నర లక్షల వరకూ బీమా కంపెనీ భరిస్తుంది, అక్కడి నుంచి 25 లక్షల వరకూ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు భరిస్తుంది. దీన్ని హైబ్రిడ్ అంటున్నారు. ఇందులో ప్రభుత్వానికి ఆకర్షణ ఏమిటంటే ఖర్చు ముందే తెలుస్తుంది. ఉదాహరణకు కుటుంబానికి ప్రీమియం 2,000 అనుకుంటే 3,260 కోట్లు. టెండరులో ప్రీమియం వంద రూపాయలు అటూ ఇటూ అయితే 163 కోట్ల తేడా. అంటే ఈ విధానంలో హామీ బరువంతా టెండరు కాగితం మీద ఉంటుంది. చూడాల్సినవి: ప్రీమియం ఎన్ని వాయిదాల్లో కడతారు, క్లెయిములు తక్కువ వచ్చి సొమ్ము మిగిలితే కంపెనీ ఎంత శాతం వెనక్కి ఇవ్వాలి, ప్రీ-ఆథ్ తిరస్కరిస్తే రోగి ఎవరి దగ్గరికి వెళ్లాలి. ప్రీమియం వాయిదా ఆలస్యమైతే కంపెనీ క్లెయిములు ఆపుతుంది, అప్పుడు ఆసుపత్రికి బకాయి పడింది ప్రభుత్వం కాదు, కంపెనీ అవుతుంది. రోగికి మాత్రం వినిపించేది అదే మాట: బెడ్లు లేవు. మనకిది కొత్తేమీ కాదు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే ఒక ప్రైవేటు బీమా కంపెనీతో. 2008లో రెండో విడతగా చేర్చిన చికిత్సలను ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టి, క్రమంగా మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. బండి తిరిగి పాత బాట ఎక్కింది, ఈసారి సగం బండి.

ప్యాకేజీ రేటు గురించి ఒక మాట. రేటు మరీ తక్కువైతే ఆసుపత్రి ఆ జబ్బు తీసుకోదు. మరీ లాభసాటిగా ఉంటే అక్కర్లేని ఆపరేషన్లు పెరుగుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో గర్భసంచి తొలగింపు కేసులు ప్రైవేటులో ఎలా పెరిగాయో, చివరికి దాన్ని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చిందో అప్పటి పత్రికలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కొన్ని చికిత్సలను గవర్నమెంటు ఆసుపత్రులకే వదిలేయడం మంచి పద్ధతే. ఆ కేసు సొమ్ములో కొంత వైద్యబృందానికి ప్రోత్సాహకంగా, కొంత ఆసుపత్రి అభివృద్ధికి వెళ్తుంది. ప్రభుత్వం తన జేబులోంచి తీసి తన ఆసుపత్రికే ఇచ్చుకున్నట్టు. ఏ పార్టీ అయినా 'ఆరోగ్యశ్రీ సొమ్ములో ఇంత శాతం ప్రభుత్వ ఆసుపత్రులకు చేరేలా చేస్తాం' అని రాసిందా? నా కంటికైతే కనబడలేదు.

ఇక పద్దు. రెండు రాష్ట్రాల్లోనూ వైద్యారోగ్యం పదహారో పద్దు, డిమాండ్ 16. ఆర్థికశాఖ వెబ్‌సైటులో బడ్జెట్ సంపుటాలన్నీ పీడీఎఫ్‌లుగా ఉంటాయి. తెరిచాక వెతకాల్సిన నంబర్లు నాలుగే. 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం. 2211 అంటే కుటుంబ సంక్షేమం. ఈ రెండూ రోజువారీ ఖర్చు: జీతాలు, మందులు, ట్రస్టుకిచ్చే గ్రాంటు. 4210, 4211 కట్టడాలు, యంత్రాలు. 2210 లోపల 01 పట్టణ అల్లోపతి, 03 గ్రామీణ అల్లోపతి, 05 వైద్య విద్య, 06 ప్రజారోగ్యం. 03లో 101 అంటే సబ్‌సెంటర్లు, 103 అంటే పీహెచ్‌సీలు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు), 104 అంటే సామాజిక ఆరోగ్య కేంద్రాలు. ఎస్సీ ఉపప్రణాళిక వాటా 789లో, గిరిజన ఉపప్రణాళిక వాటా 796లో విడిగా ఉంటాయి. ఒకే పథకం మూడు చోట్ల చీలి ఉంటుంది కాబట్టి ఒక్కచోట చూసి 'ఇంతేనా' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మూడూ కలపాలి.

ప్రతి లైనుకూ పక్కపక్కనే కొన్ని గడులుంటాయి: రెండేళ్ల కిందటి అకౌంట్స్, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. పత్రికల్లో బడ్జెట్ మర్నాడు వచ్చేది చివరి గడి. నమ్మాల్సింది మొదటి గడి, నిజంగా ఖర్చైంది అదొక్కటే. హామీ నెరవేరిందా అని చూడాలంటే రెండేళ్లు ఆగి, అప్పటి అంచనాను ఇప్పటి అకౌంట్స్ పక్కన పెట్టాలి. ఓపిక లేకపోతే కాగ్ ఏటా ఇచ్చే అప్రోప్రియేషన్ అకౌంట్స్‌లో పదహారో పద్దు దగ్గర ఎంత ఖర్చుకాకుండా మిగిలిందో, ఎందుకు మిగిలిందని శాఖ చెప్పిందో ఉంటుంది. 'కారణాలు తెలియజేయలేదు' అని కూడా చాలాచోట్ల ఉంటుంది, అదొక సమాచారమే.

అంకెలు వేసుకుందాం. తెలంగాణ 2023-24 బడ్జెట్‌లో వైద్యానికి 12,161 కోట్లు, మొత్తం 2,90,396 కోట్లలో 4.2 శాతం. 2024-25లో 11,468 కోట్లు, 3.9 శాతం. 2025-26లో 12,393 కోట్లు, మొత్తం 3,04,965 కోట్లలో 4.1 శాతం. ఆరోగ్యశ్రీ పరిమితి రెట్టింపైన తర్వాత వచ్చిన తొలి పూర్తి బడ్జెట్‌లో వైద్యం కేటాయింపు తగ్గింది, గమనించారా? పరిమితి పెంచడానికి డబ్బు అక్కర్లేదని మొదట్లో అన్నది ఇందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 పూర్తి బడ్జెట్‌లో 18,421 కోట్లు, 6.3 శాతానికి కాస్త తక్కువ. 2025-26లో 19,264 కోట్లు, మొత్తం 3,22,359 కోట్లలో 6 శాతం. కోట్లు పెరిగాయి, వాటా తగ్గింది. మంత్రి మొదటిది చెప్తాడు, ప్రతిపక్షం రెండోది చెప్తుంది, ఇద్దరూ అబద్ధమాడరు.

2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్‌లో 8 శాతం దాటి వైద్యానికి పెట్టాలంది. 3,04,965 కోట్లలో 8 శాతం అంటే 24,397 కోట్లు. తెలంగాణ పెట్టినదానికి దాదాపు రెట్టింపు. కానీ రెండు రాష్ట్రాల శాతాలను పక్కపక్కన పెట్టి 'వీళ్లు మేలు, వాళ్లు కీడు' అనెయ్యడం తొందరపాటు. ఒకరి మొత్తం బడ్జెట్‌లో అప్పు తిరిగి కట్టే సొమ్ము ఎంతుందో, ఆదాయ అంచనా ఎంత ఉబ్బించారో బట్టి హారం మారిపోతుంది. ఆదాయం రాకపోతే మొత్తం బడ్జెట్ కుంచించుకుపోతుంది, అప్పుడు కాగితం మీద వాటా దానంతటదే పెరుగుతుంది. ఎవరూ ఏమీ చేయకుండానే!

హారం సంగతి వచ్చింది కాబట్టి జాతీయ పార్టీల మాట కూడా. 2004లో యూపీఏ ఉమ్మడి కనీస కార్యక్రమం ప్రజారోగ్యానికి జీడీపీలో 2 నుంచి 3 శాతం అంది. 2017 విధానం 2025 నాటికి రెండున్నర శాతం అంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2014-15లో ఇది 1.13 శాతం, 2021-22లో 1.84 శాతం. ఆ 2021-22 కోవిడ్ టీకాల ఏడాదని మరవకూడదు. కాంగ్రెస్ 2019 మేనిఫెస్టో 2023-24 నాటికి జీడీపీలో 3 శాతం అంది. అదే పార్టీ 2024 మేనిఫెస్టోలో 2028-29 నాటికి మొత్తం వ్యయంలో 4 శాతం అంది. 3 నుంచి 4కి పెరిగినట్టు వినిపిస్తుంది. లెక్క వేయండి. 2024-25 కేంద్ర బడ్జెట్ సుమారు 48 లక్షల కోట్లు, అందులో 4 శాతం 1.9 లక్షల కోట్లు. ఆ ఏడాది జీడీపీ 326 లక్షల కోట్ల దరిదాపుల్లో అనుకుంటే 3 శాతం అంటే 9.8 లక్షల కోట్లు. మొదటిది కేంద్రం ఒక్కటే పెట్టేది, రెండోది కేంద్రం, రాష్ట్రాలు అన్నీ కలిపి పెట్టేది. అప్పటి కేంద్ర ఆరోగ్యశాఖ కేటాయింపు 91 వేల కోట్ల దగ్గరుంది కాబట్టి 4 శాతం అన్నా రెట్టింపే, చిన్న హామీ కాదు. కానీ 3 ఒక కొలత, 4 వేరే కొలత. శేరుతో కొలిచినదాన్ని కిలోతో పోల్చినట్టు.

పైగా వైద్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం. జీడీపీ శాతం హామీ ఇచ్చే జాతీయ పార్టీ అందులో పెద్ద వాటా రాష్ట్రాల చేత పెట్టించాలి. ఎలా పెట్టిస్తుందో రాయకపోతే ఆ హామీకి కాళ్లు లేవు. ఉన్న సాధనాల్లో పెద్దది జాతీయ ఆరోగ్య మిషన్: కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం తన 40 కలపకపోతే, ఖర్చు వివరాలు పంపకపోతే కేంద్రం తర్వాతి విడత ఆపుతుంది. ఇంకొకటి 15వ ఆర్థిక సంఘం 2021-26కు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి కేటాయించిన 70,051 కోట్లు. గ్రామాల్లో కొత్త సబ్‌సెంటర్ భవనాలు, మండలాల్లో పబ్లిక్ హెల్త్ యూనిట్ల బోర్డులు కనిపిస్తే చాలావరకూ ఈ సొమ్మే. దాని మీద ఎవరి బొమ్మ ఉందన్నది వేరే విషయం. ఆయుష్మాన్ కింద కూడా కేంద్రం వాటా ఇచ్చేది తను గుర్తించిన కుటుంబాలకే. మన రెండు రాష్ట్రాలూ అంతకంటే చాలా ఎక్కువ మందికి సొంత డబ్బుతో ఇస్తున్నాయి. 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా 5 లక్షలు అన్న 2024 బీజేపీ హామీ ఆ అక్టోబరు 29న అమల్లోకి వచ్చింది. ఇందులోనూ 40 వాటా రాష్ట్రానిదే అని సభల్లో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు కింది అంతస్తుకు దిగుదాం. మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి. ఆరోగ్య మిషన్ నిబంధనల్లో పీహెచ్‌సీకి ఏడాదికి ఇచ్చే అన్‌టైడ్ నిధి 1.75 లక్షలు. జీతాలు, మందులు వేరే వస్తాయి. ఇది బల్బు పోతే, మోటారు కాలిపోతే, ఫ్రిజ్ ఆగిపోతే, ఎమర్జెన్సీలో అక్కడికక్కడ మందు కొనాలంటే వాడుకునే సొమ్ము. తలకు పంచితే మనిషికి ఏడాదికి 5 రూపాయల 83 పైసలు. అదీ విడతల్లో వస్తుంది, కొంత మార్చి నెలాఖరున వచ్చి వాడే తీరిక లేకుండానే వెనక్కి పోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయి, టీకాల ఐస్‌లైన్డ్ ఫ్రిజ్ కరెంటు పోయినప్పుడల్లా వెచ్చబడుతుంటే మెడికల్ ఆఫీసరు చేతిలో ఉండాల్సింది ఆ 1.75 లక్షలే. పాతిక లక్షల పక్కన దీన్ని పెట్టి చూస్తే ప్రాధాన్యం ఎటుందో తెలుస్తుంది.

ఆరోగ్యశ్రీ ప్రధానంగా అడ్మిషన్‌కు డబ్బిస్తుంది. బీపీ, షుగరు మాత్రలకు, ఓపీ చీటీకి, ఊళ్లో ఆర్ఎంపీ సూదికి, ల్యాబులో థైరాయిడ్ టెస్టుకు ఇవ్వదు. జనం చేతిలోంచి ఏడాది పొడవునా కారిపోయేది అక్కడే. 2021-22 జాతీయ ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం ఇంకా ఇళ్లవాళ్లే కట్టుకుంటున్నారు. షుగరు మాత్ర పీహెచ్‌సీలో నెల నెలా దొరికితే పదేళ్ల తర్వాత డయాలసిస్ కేసు ఒకటి తగ్గుతుంది. కానీ డయాలసిస్ తగ్గిందని పోస్టరు వేసుకోవడం కుదరదు కదా. మందుల విషయంలో తమిళనాడు 1994లో పెట్టిన మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఎన్ని ప్రభుత్వాలు మారినా నిలిచింది. మనకూ అలాంటి సంస్థలున్నాయి, కానీ సప్లయర్లకు బకాయిలు పడితే వాళ్లు తర్వాతి టెండరుకు రారు, వచ్చినా రేటు పెంచి వస్తారు. బకాయి ఇక్కడ కూడా రోగి నుంచే వసూలవుతుంది.

కట్టడాల హామీ ఇంకో రకం. ఉస్మానియా ఆసుపత్రికి కొత్త భవనం మాట 2015 నుంచీ వింటున్నాం. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చి పాత బ్లాకు ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది, అంచనా 2,700 కోట్లు. ఇది 4210 కింది ఖర్చు, ఒక్కసారిది. కానీ ఆసుపత్రిని మింగేది 2210లోని జీతం లైను. 150 సీట్ల వైద్య కళాశాలకు జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనల ప్రకారం 605 పడకలుండాలి. ఆ పడకలకు నర్సులు, ప్రొఫెసర్లు, ల్యాబు టెక్నీషియన్లు, శానిటేషన్, ఏటేటా. భవనం అప్పు తెచ్చి కట్టొచ్చు, జీతం అప్పు మీద నడవదు. తెలంగాణలో జిల్లాకో కాలేజీ వచ్చాక అధ్యాపకుల కొరత మీద ఎన్‌ఎంసీ నోటీసులు రావడం ఇందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 17 కొత్త కాలేజీల్లో 10ని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలన్న 2025 నిర్ణయం మీద జరుగుతున్న గొడవంతా అడుగున ఇదే ప్రశ్న: కట్టడానికి డబ్బెవరిది, ముప్పై ఏళ్లు నడపడానికి డబ్బెవరిది, ఫీజు ఎవరిది. కాలేజీ హామీ వినగానే శంకుస్థాపన రాయి వైపు చూడకుండా, పోస్టులు మంజూరు చేస్తూ ఆర్థికశాఖ ఇచ్చిన జీవో ఉందా అని అడగండి. రాయి వేయడానికి జీవో అక్కర్లేదు.

పథకంలో ఖాళీ ఎక్కడుందో చూపించే కాగితం ఇంకొకటుంది: ఎల్‌ఓసీ. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి నిమ్స్ లాంటి ఆసుపత్రికి ఇచ్చే హామీ ఉత్తరం. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు ఫైలు పట్టుకుని నిలబడ్డవాళ్ల జబ్బులు రాసుకుంటూ పోతే, ఆరోగ్యశ్రీ జాబితాలో ఏవి లేవో, ఏ ప్యాకేజీ సరిపోలేదో దానంతటదే తేలుతుంది. ఎల్‌ఓసీ ఇప్పించడం నాయకుడికి మంచిపేరు, జాబితాలో చేర్చడం ఎవరికీ పేరు తేదు.

హామీకి డబ్బు ఎక్కణ్నుంచి అని అడిగే హక్కు ఓటరుకు ఉందా అంటే, కాగితం మీద ఉంది. 2013లో తమిళనాడు ఉచితాల కేసులో సుప్రీంకోర్టు మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు తయారు చేయమని ఎన్నికల సంఘానికి చెప్పింది. ఆ తర్వాత ఎన్నికల నియమావళిలో ఒక భాగం చేర్చారు: హామీల వెనక హేతువు, వాటికి కావాల్సిన నిధులు ఎలా సమకూరుస్తారో స్థూలంగా చెప్పాలి. 2022 అక్టోబరులో ఎన్నికల సంఘం ఒక నమూనా పట్టిక కూడా ప్రతిపాదించింది, ఖర్చెంత, డబ్బెక్కడిది అని గడులు పెట్టి. ఆ పట్టిక నింపి మేనిఫెస్టో చివర అంటించే పార్టీ కోసం ఇంకా చూస్తున్నాం.

అంతవరకూ చేతిలో ఉన్నది సమాచార హక్కు. ఆరోగ్యశ్రీ ట్రస్టు పౌర సమాచార అధికారికి రాయాలి, ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. 'బకాయిలు ఎందుకు చెల్లించలేదు' అని అడిగితే అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి పంపుతారు. ఇలా అడగండి: 'గత 12 నెలల్లో నెలవారీగా ఆమోదమైన క్లెయిముల సంఖ్య, మొత్తం. అదే 12 నెలల్లో చెల్లించిన క్లెయిముల సంఖ్య, మొత్తం. చెల్లించినవాటిలో అతి పాత క్లెయిమ్ ఆమోదమైన తేదీ. ఆ కాలంలో ఆర్థికశాఖ ఇచ్చిన ప్రతి బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ నంబరు, తేదీ, మొత్తం, నకళ్లు.' నాలుగో ప్రశ్న తప్పక ఉంచండి. మొదటి మూడింటికి వచ్చే జవాబును దానితోనే సరిచూసుకోగలం.